పాత హాలు మరమ్మతు డైరీ: ముందు నీళ్ల దారి, ఆ తర్వాతే సున్నం

శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు ఒక చిన్న ఊరి ప్రభుత్వ హైస్కూలు ఇది. తరగతులన్నీ కొత్త స్లాబు భవనంలో జరుగుతున్నాయి. పాత పెంకు హాలు తాళం వేసి ఏడేళ్లయింది. నేను అందులోనే పది దాకా చదివాను, తర్వాత ముప్పై ఏళ్లు కట్టడాల సైట్లలో సూపర్‌వైజరుగా పనిచేశాను. హెడ్మాస్టరు గారు, తల్లిదండ్రుల కమిటీ, పూర్వ విద్యార్థులం కొందరం కలిసి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకున్నాం. శాఖ ఇంజనీరు గారు వచ్చి చూసి, కూల్చక్కర్లేదని రాసిచ్చాకే గోడ మీద చెయ్యి వేశాం. ఈ చుట్టుపక్కల ఇలాంటి హాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి పని ఎత్తుకునేవాళ్లకి మా కొలతలు, మా తప్పులు రెండూ అక్కరకు వస్తాయని రాస్తున్నాను.

దశ 1: కొలతలు (2024 ఏప్రిల్)

హాలు లోపల 60 × 24 అడుగులు. గోడ మందం 22 అంగుళాలు, గానుగలో నూరిన సున్నంతో కట్టిన ఇటుక. పునాది, పీఠం రాతివి. కప్పుని మోసే 7 ట్రస్సులు (కలప చట్రాలు) ఏడున్నర అడుగుల ఎడంలో ఉన్నాయి, అంటే వాటి నడుమ, చివరల కలిపి 8 అంకణాలు (ఖాళీలు). పైన బెంగుళూరు పెంకు. తూర్పున వరండా, పడమర ఆటస్థలం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం దాటినప్పుడు దక్షిణం చివర రెండు అంకణాల పెంకు ఎగిరిపోయింది. అక్కడ సిమెంటు రేకులు కప్పారు. మిగతా కప్పులో పగిలిన పెంకు పగిలినట్టే ఉండిపోయింది.

పడమటి గోడ అడుగున బొగ్గు నలుపు, ఆ పైన తెల్లగా ఉప్పు పూత. చూసి ఊహించడం కంటే కొలవడం మేలనుకున్నాం. కొనుక్కున్న తేమ మీటరు చెక్కకి పనికొస్తుంది కానీ ఉప్పు పట్టిన ఇటుక మీద పెడితే ఎక్కడ చూసినా ఒకే అంకె చూపించింది. దాన్ని పక్కనపెట్టి ఇలా చేశాం:

1. 10 మి.మీ. బిట్టుతో 2 అంగుళాల లోతుకి నెమ్మదిగా రంధ్రం. వేగంగా తిప్పితే వేడికి పొడి అక్కడే ఆరిపోతుంది.
2. పైపూత పొడి పారేసి, లోపలి ఇటుక పొడి మాత్రం వెంటనే మూత బిగిసే డబ్బాలోకి. పక్కపక్కన మూడు రంధ్రాలు పెడితేగాని సరిపోదు.
3. బంగారం తూచే త్రాసు మీద 10 గ్రాములు తూచడం.
4. ఓవెన్‌లో ఆరబెట్టి, తూకం ఇక తగ్గదనేదాకా మళ్లీ మళ్లీ తూచడం.
5. తగ్గిన బరువుని ఆరిన బరువుతో భాగించి, వందతో గుణించడం.

పడమటి గోడ: 1 అడుగు ఎత్తులో 14.2 శాతం, 3 అడుగుల దగ్గర 11.6, 5 అడుగుల దగ్గర 9.8, 7 అడుగుల దగ్గర 3.1.
తూర్పు గోడ: అదే వరసలో 8.4, 5.0, 2.2. ఏడడుగుల దగ్గర తీయలేదు.

5 అడుగుల దగ్గర కూడా 9.8 ఉండటం దగ్గరే నా ఆలోచన ఆగింది. ఒకప్పుడెవరో కాంట్రాక్టరు గోడ అడుగున ఐదడుగుల దాకా సిమెంటు ప్లాస్టరు పట్టీ వేయించాడు, తేమ రాకుండా అని. నేల నుంచి ఇటుక పీల్చుకున్న నీరు బయటికి పోయే దారి లేక ఆ పట్టీ వెనకే పైకెక్కింది. పట్టీ దాటిన చోట గాలి తగిలి ఆరింది, ఆరిన చోటల్లా ఉప్పు మిగిలింది. ఆ ఉప్పు గడ్డకట్టేటప్పుడు ఉబ్బి ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా రాల్చింది. వేలితో గీస్తే ఎర్రపొడి జారిపడుతుంది.

ఖర్చు: డ్రిల్లు బిట్లు, త్రాసు, డబ్బాలు, నిచ్చెన అద్దె 6,850 రూపాయలు.

దశ 2: సిమెంటు పీకడం, వరస తప్పడం (2024 మే నుంచి జులై)

వేసవి సెలవులు అయిపోకముందే చప్పుడయ్యే పని ముగించాలని ముందు ప్లాస్టరు మీద పడ్డాం. ఈ డైరీలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

మా మేస్త్రి గారు డెబ్బై దాటిన మనిషి, గానుగ సున్నం తొక్కిన చేతులు. ఆయన మొదటి రోజే చెప్పారు: "బాబూ, గోడ తాగిన నీళ్లు గోడే కక్కాల. మీరు దాని మూతి కట్టీసినారు. ఇప్పితే మంచిదే. అయితే ముందు నెత్తి మీద గొడుగు ఎయ్యండి, ఆనక సొక్కా ఇప్పుదుం." కప్పు పని చలికాలంలో చేద్దాం, సెలవులు మళ్లీ దొరకవు అన్నాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

మొదటి రోజు కరెంటు బ్రేకరు పెట్టాం. సిమెంటుతో పాటు 40 ఇటుకల ముఖాలు ఊడొచ్చాయి. సాయంత్రానికే దాన్ని వెనక్కి పంపేశాం. ఆ తర్వాత అంతా రెండు పౌన్ల సుత్తి, వెడల్పు ఉలి. ఉలిని గోడకి ఎదురుగా కాక ఏటవాలుగా పట్టి, ప్లాస్టరు అంచు కింద నుంచి పైకి లేపాలి. బోలు శబ్దం వచ్చిన చోట మొదలుపెడితే అరచేయంత పలకలు వాటంతటవే వస్తాయి. గట్టిగా పట్టిన చోట మొండిగా కొట్టకూడదు, వదిలేసి వారం తర్వాత చూడాలి. అప్పటికి గోడ కొంచెం ఆరి అదే వదులుతుంది. లోపల, బయట కలిపి సుమారు 1,400 చదరపు అడుగులు పీకాం. మందం ముప్పావు నుంచి ఒకటింబావు అంగుళం దాకా ఉంది.

జూన్ మూడో వారం నుంచి వానలు పట్టుకున్నాయి. పగిలిన పెంకుల్లోంచి కారిన నీరు పడమటి గోడ తల మీద పడి, చర్మం ఒలిచినట్టున్న ఇటుక మీదుగా దిగింది. కీళ్లలో సున్నం కడుక్కుపోయి హాలు లోపల నేల మీద తెల్లటి చారికలు కట్టింది. జులై కొలత: పడమర 3 అడుగుల దగ్గర 15.3. ఏప్రిల్లో 11.6 ఉన్నది.

గబగబా రెండు పెద్ద టార్పాలిన్లు కప్పు మీద పరిచి, సరుగుడు బాదులతో బిగించాం. ఆ రోజు మేస్త్రి గారి ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పాను. అక్కడి నుంచి వరస మార్చాం: నేల మీది నీరు, కప్పు మీది నీరు, ఆ తర్వాతే గోడ.

ఖర్చు: ఈ దశ 31,200. ఇప్పటిదాకా 38,050.

దశ 3: నేల మీది నీరు (2024 నవంబరు, డిసెంబరు)

ఆటస్థలం చదును చేసిన ప్రతిసారీ గ్రావెలు పోస్తూ వచ్చారు. పడమటి వైపు పీఠం రెండడుగుల ఎత్తుండాలి, ఏడంగుళాలే కనిపిస్తోంది. వాన నీరు నేరుగా గోడ కాళ్ల దగ్గర నిలుస్తోంది.

తవ్వకం పార, గునపంతోనే. జేసీబీ పెడదామన్నారు, ఒప్పుకోలేదు. ఒక్క దెబ్బ పునాది రాయికి తగిలితే మళ్లీ సరిచేయలేం.

1. గోడ పొడవుని ఆరేసి అడుగుల ముక్కలుగా సున్నంతో గీయడం.
2. ఒకటి విడిచి ఒకటి తవ్వడం. గోడ కాలు మొత్తం ఒకేసారి బయటపెట్టకూడదు.
3. పీఠం అడుగు కనబడగానే ఆగడం. పునాది రాళ్ల కిందికి పార దిగకూడదు.
4. తవ్విన మట్టి గోడ పక్కనే పోయకుండా అదే రోజు తరలించడం.

పదిహేడు అంగుళాల లోతులో పార రాతికి తగిలింది. గోడ పొడవునా రెండున్నర అడుగుల వెడల్పున పరిచిన రాతి చప్టా, దాని అంచున దోనెలా చెక్కిన కాలువ. కట్టినవాళ్లు నీటిదారి ముందే వేశారు, దాన్ని మనం పూడ్చేశాం. నీటి గొట్టం మట్టంతో చూస్తే ఉత్తరానికి 4 అంగుళాల వాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. నీరు మాత్రం వెళ్లే చోటు లేదు. కాలువ ఉత్తరపు చివర తర్వాతి రోజుల్లో కాంపౌండు గోడ కట్టారు. కమిటీ ఒప్పుకున్నాక ఆ గోడలో 9 అంగుళాల కన్నం తీసి, జాలీ బిగించి, వీధి కాలువకి కలిపాం.

తూర్పున వరండా ముందు కూడా తవ్వాం. నేను చదువుకున్నప్పుడు హాలుకి రెండు మెట్లుండేవి, ఇప్పుడొకటే కనిపిస్తోంది. తవ్వితే నాలుగు తేలాయి. పైమెట్టు కన్నా అడుగు రెండు మెట్ల నడుములు ఎక్కువ అరిగి ఉన్నాయి. మాకన్నా ముందు బళ్లో చదివిన పిల్లల పాదాల అరుగుదల అది. ఆ గుంటల్లో మట్టి కడిగి, నీళ్లు పోసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఈ దశలోనే ఒక దాత టెక్కలి నీలి గ్రానైటు పలకలు ఉచితంగా ఇస్తాను, వరండా అంతా పరిపించండి అన్నారు. ఆయన మనసు మంచిది, రాయి కూడా మంచిదే. కానీ నునుపు పలక సిమెంటు మీద పరిస్తే నేల తేమ పైకి ఆరలేక పక్కనున్న గోడలోకే ఎక్కుతుంది, ఐదడుగుల పట్టీ కథే మళ్లీ జరుగుతుంది. విషయం చెబితే అర్థం చేసుకుని ఆ విలువకి కలప ఇప్పించారు.

ఖర్చు: ఈ దశ 64,500. ఇప్పటిదాకా 1,02,550.

దశ 4: కప్పు (2025 సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా)

మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, అప్పుడు సుత్తి చప్పుడు కుదరదు. అందుకే కనుమ వెళ్లగానే పరంజా కట్టాం.

రేకులు ముందుగా దింపాం. ఇలాంటి పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి నీళ్లతో తడిపి, మేకులు విప్పి, పగలకుండా పూర్తి రేకుగానే దింపాలి. కొట్టి విరిచే పని వద్దు. ముఖానికి మంచి మాస్కు తప్పనిసరి.

పెంకు లెక్క: వాలుకి 15 వరసలు, వరసకి 92, రెండు వాలులకి 2,760. అందులో రేకుల కింద పోయినవి 690, పగిలినవీ జారిపోయినవీ 590, నిలిచినవి 1,480. నిలిచిన ప్రతి పెంకునీ దింపి వేలి కణుపుతో కొట్టి చూశాం. ఖణీమని మోగితే మంచిది, దబ్బుమంటే లోపల పగులుంది. 1,312 మోగాయి.

కూల్చిన ఇళ్ల నుంచి 12 రూపాయల చొప్పున 1,600 పాత పెంకులు తెచ్చాం. అందులో 1,431 మోగాయి. సరిపోయాయనుకుని పైకెక్కించాక మూడో వరసలోనే ఆగిపోయింది. వేరే ఫ్యాక్టరీ పెంకు కావడంతో దాని గాడి మా పెంకు గాడిలో కూర్చోలేదు. బిగించి కూర్చోబెడితే ఒక మూల గోరంత సందు. ఆ సందులోంచి బిందెడు నీళ్లు పోసి చూస్తే కింద ధార కట్టింది. పెంకు కొనేముందు మీ పెంకొకటి చేత్తో పట్టుకెళ్లి, గాడిలో గాడి పెట్టి చూసుకుని కొనండి. మేం చెయ్యలేదు.

పరిష్కారం: ఒక వాలుకి ఒకే రకం. తూర్పు వాలుకి మా పెంకులు, కావలసినవి 1,380, ఉన్నవి 1,312. సైకిల్ షెడ్డు మీద అదే ముద్ర పెంకులు 74 దొరికాయి, షెడ్డుకి కొత్తవి ఇచ్చి అవి తీసుకున్నాం. పడమటి వాలుకి కొన్నవి. వాటి కొక్కేల ఎడం పావు అంగుళం తక్కువ కాబట్టి పెంకు ఆనే రీపర్లన్నీ (అడ్డ బద్దలు) పన్నెండుంబావు అంగుళాలకి మళ్లీ కొట్టాల్సి వచ్చింది. చూరు దగ్గర దాదాపు నాలుగంగుళాలు సర్దుకున్నాం.

ఐదో ట్రస్సు. పడమటి గోడలో దిగిన దూలం కొన చేత్తో నలిపితే పొడైంది. గిమ్లెట్‌తో అంటే చేతి బరమాతో పొడుస్తూ వెళ్తే 14 అంగుళాల తర్వాత గట్టి టేకు తగిలింది. గోడ గూటిలో దూలం చుట్టూ ఎవరో సిమెంటు కూరారు. గాలి ఆడక, తేమ పోక కుళ్లింది. సిమెంటు కూరని మిగతా కొనలన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

దూలం ఎత్తడానికి లారీ జాకీ పెట్టి, ఒకే రోజు 12 మి.మీ. లేపాం. పక్క గోడలో వెంట్రుకలా ఉన్న పాత పగులు 2 మి.మీ.కి విచ్చుకుంది. పగులు మీద ముందే సున్నంతో అంటించిన గాజు పట్టీ టప్పున విరగడంతో ఆగాం. గాజు పట్టీ లేకపోతే గమనించేవాళ్లమే కాదు. జాకీ మెల్లగా దించి, వారం ఆగి, మళ్లీ రోజుకి 1 మి.మీ. చొప్పున లేపాం. పన్నెండో రోజుకి అదే ఎత్తు వచ్చింది, కొత్త గాజు చెక్కుచెదరలేదు.

కుళ్లు దాటించి 26 అంగుళాలు కోసి, పాత టేకు ముక్కని దూలం లోతుకి మూడింతల పొడవు ఏటవాలు అతుకుతో కలిపి, రెండు బోల్టులు బిగించారు వడ్రంగి గారు. గూటిలో కింద రాతి పలక, రెండు పక్కలా, వెనకా అర అంగుళం ఖాళీ. ఆ ఖాళీని ఎవరూ పూడ్చకుండా పక్కన గోడ మీద నల్లరంగుతో రాశాం కూడా.

ఖర్చు: పెంకు, లారీ 23,700, కలప 94,500, కూలీ 1,31,200, పరంజా, టార్పాలిన్, జాకీ 38,000. ఈ దశ 2,87,400. ఇప్పటిదాకా 3,89,950.

మార్చి కొలత: పడమర 3 అడుగుల దగ్గర 9.1. గోడ మీద ఏ పూతా లేకుండానే 15.3 నుంచి ఇంత తగ్గింది.

దశ 5: సున్నం, నాలుగు విడతలు (2025 ఏప్రిల్ నుంచి అక్టోబరు)

పడమటి గోడ ఆరేదాకా దాన్ని ముట్టుకోకుండా తూర్పు గోడ మీద మూడడుగుల చదరాలు గీసి నమూనాలు వేశాం.

మొదటి విడత. కాల్చిన రాతి సున్నం ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి నీళ్లు వదిలాం. సున్నం కుతకుత ఉడికి డ్రమ్ము నడుము మెత్తబడి ఒరిగిపోయింది. చిమ్మిన తుంపర కూలీ కుర్రాడి ముంజేతి మీద పడింది. వెంటనే పదిహేను నిమిషాలు కుళాయి కింద పెట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లాం, పైపైనే పోయింది. ఇనప డ్రమ్మే వాడాలి. నీళ్లు ముందు పోసి, సున్నం కొంచెం కొంచెం వెయ్యాలి. కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా ఉండాలి. పిల్లలు బళ్లో ఉన్న రోజు సున్నం చల్లార్చకూడదు. ఆ సున్నాన్ని మూడు రోజులకే వాడాం. ఎనిమిదో రోజు పూత మీద పొక్కులు లేచాయి. ఒక చదరంలో 23 లెక్కపెట్టాను. ఒక్కో పొక్కు గిల్లితే లోపల కందిగింజంత తెల్లటి బెడ్డ. నానని సున్నం గోడలో చేరాక నానింది.

రెండో విడత. 21 రోజులు నీళ్ల కింద నానబెట్టి, జల్లెడ పట్టిన ముద్ద ఒకటికి వంశధార ఇసుక మూడు. మే ఎండలో మధ్యాహ్నం పూశాం. సాయంత్రానికి వలలా పగుళ్లు, వారానికి అరచేతికి పిండి అంటింది. ఇసుకలో బురద కూడా ఉంది. సీసాలో నీళ్లు పోసి గిలక్కొట్టి నిలబెడితే పైన 9 శాతం బురద పేరుకుంది. రెండుసార్లు కడిగాక 3 శాతానికి దిగింది.

మూడో విడత. సున్నం 1, సురికి (దంచిన ఇటుక పొడి) 1, ఇసుక 2. నీడ కట్టి, తడి గోనెలు వేశాం. పగుళ్లు రాలేదు కానీ గట్టిపడలేదు. పది రోజుల తర్వాత మేకుతో ఒకే బరువుతో గీస్తే 3 మి.మీ. లోతు దిగింది. సురికి కోసం బట్టీ దగ్గర నల్లగా మాడిన ఇటుక ముక్కలు దంచి తెచ్చాం. గట్టి ఇటుక కదా, మంచిదనుకున్నాం. మేస్త్రి గారు పొడి నోట్లో వేసుకున్నట్టే నాలిక చివర పెట్టి, "ఇది సచ్చిన ఇటుక బాబూ, సున్నాన్ని పట్టదు. సగం కాలింది కావాల" అన్నారు. ఎక్కువ కాలిన మట్టి సున్నంతో కలవదు, ఇసుకలా ఊరికే పడి ఉంటుంది.

అప్పుడు చేశాం, మొదటే చేయాల్సిన పరీక్ష. గోడ పై భాగంలో మిగిలిన పాత పూత 100 గ్రాములు తీసి, పొడి చేసి, బాత్రూము కడిగే యాసిడ్‌లో ఆరుబయట వేశాం. సున్నం పొంగి కరిగిపోయింది. మిగిలింది కడిగి ఆరబెడితే 74 గ్రాములు. జల్లెడ మీద నిలిచిన ఇసుక 46, కిందికి జారిన ఎర్రటి మెత్తని పొడి 28. అంటే సున్నం, సురికి దాదాపు సమానం, ఇసుక రెండింతలకి కొంచెం తక్కువ. పాళ్లు మావి సరిగానే ఉన్నాయి, సురికి మాత్రం తప్పు.

నాలుగో విడత. సగం కాలిన నారింజ రంగు ఇటుక దంచి, పలచని గుడ్డలో జల్లించాం. పది రోజులకి మేకు గీత 1 మి.మీ. లోపు. ఒక చదరంలో బెల్లం నీళ్లు కలిపాం. గీత లోతులో మాకు తేడా దొరకలేదు, తాపీ కింద మాత్రం జారుగా వచ్చిందని మేస్త్రి గారు ముచ్చటపడ్డారు.

ఇప్పుడు వాడుతున్న వరస:

1. ముందు రోజు సాయంత్రం గోడ తడపడం, పొద్దున్న మళ్లీ చిలకరించడం. నీరు మెరవకూడదు.
2. కీళ్లు ముందు నింపి మూడు రోజులు ఆగడం.
3. పూత ఒక్కసారికి అర అంగుళం మించకుండా వెయ్యడం.
4. రెండో పూతకి పది రోజుల ఎడం.
5. తడి గోనె 14 రోజులు, రోజుకి మూడుసార్లు తడపడం.
6. ఆఖరున వెల్ల. ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఈ పనంతా వృథా.

తూర్పు గోడ తలుపు పైన కమాను దగ్గర పాత వెల్ల పొరలు గీకుతుంటే పదకొండో పొర కింద నల్లటి అక్షరాలు కనిపించాయి. చాకు పక్కనపెట్టి తడిగుడ్డతో, గోటితో గంటన్నర పట్టింది. రెండు మాటలే చదవడానికి మిగిలాయి: "గంజాం జిల్లా". 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు గంజాం అటు వెళ్లి, అప్పటిదాకా అందులో ఉన్న మా తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. శ్రీకాకుళం జిల్లా అయ్యింది 1950లో. కట్టిన సంవత్సరం చెప్పే కాగితం మా దగ్గర లేదు. ఈ రెండు మాటలు రాసింది మాత్రం 1936కి ముందే. ఆ జానెడు మేర వెల్ల వేయకుండా వదిలి, చుట్టూ సన్నటి సున్నపు అంచు కట్టాం.

ఖర్చు: ఈ దశ 1,46,300. ఇప్పటిదాకా 5,36,250.

ఇప్పుడు (2025 నవంబరు)

అక్టోబరులో నాలుగు రోజులు ఆగకుండా కురిసింది. టార్చి పట్టుకుని హాలంతా తిరిగాం. తూర్పు వాలు కింద చుక్క లేదు. పడమటి వాలులో దక్షిణం చివర ఒకచోట నేల మీద రూపాయి బిళ్లంత తడి, ఒక పెంకు కొక్కెం రీపరు మీద కూర్చోలేదు. సరిచేశాం. చప్టా కాలువలో నీరు ఉత్తరానికి పరుగెడుతోంది, వాన ఆగిన గంటకి రాయి ఆరింది.

తూర్పు గోడ 1, 3, 5 అడుగుల దగ్గర: 4.6, 3.3, 2.0. పూత పూర్తయింది.
పడమటి గోడ 1, 3, 5, 7 అడుగుల దగ్గర: 9.4, 6.8, 4.2, 2.4.

పడమటి గోడ 3 అడుగుల దగ్గర 5 కిందికి దిగితేనే పూత అని రాసుకున్నాం. ఆ గోడ ఇటుక బయటపడి వికారంగా ఉందని, సంక్రాంతికి వచ్చే పూర్వ విద్యార్థుల కోసమైనా పూయించమని అడుగుతున్నారు. పూయడం లేదు. నానుతున్న సున్నం 11 డ్రమ్ములు నీళ్ల కింద ఉంది, ఎంత ఆగితే అంత మంచిది. తర్వాతి కొలత ఫిబ్రవరి మొదటి ఆదివారం.